రీల్ కొనేముందు ఇది ఒకసారి చదువు, అల్లుడూ

అల్లుడూ,

సముద్రం ఒడ్డున గాలం వేయడానికి కొంటానని నువ్వు పంపిన మూడు రీళ్ళ ఫోటోలూ చూశాను, అదే, రాడ్‌కి బిగించి లైన్ చుట్టే ఆ చక్రాలు. ఏది కొనమంటావు మావయ్యా అని ఒక్క ముక్కలో అడిగావు గానీ, ఒక్క ముక్కలో చెబితే నీ డబ్బులు పోతాయి. ఆ మూడు పెట్టెల మీదా పెద్ద అక్షరాలతో రాసింది ఒకటే సంగతి: ఇన్ని బేరింగులు, ఇన్ని కిలోల డ్రాగ్ (బ్రేకు). అల ముందు నిలబడి గాలం వేసేవాడికి ఆ రెండు అంకెల వల్ల ఒరిగేది చాలా తక్కువ. ముప్పై ఏళ్ళు లేత్ మీద పని చేసినవాణ్ణి, బేరింగులంటే నాకు చిన్నచూపు లేదు. కానీ 12 నాసిరకం బేరింగులకి ఉప్పు పట్టడం కన్నా 5 మంచివి ఉప్పు తగలకుండా ఉండడం మేలు.

ఊళ్ళో చెరువుగట్టు మీద నీకున్న అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. చెరువులో రీల్‌కి శత్రువు లేడు. ఇక్కడ చెన్నైలో, కోవళంలో గానీ నీలాంగరైలో గానీ గంటసేపు నిలబడితే చాలు, గాలిలో తేలి వచ్చే ఉప్పు తుంపర కళ్ళద్దాల మీద తెల్లగా పేరుకుంటుంది. అదే రీల్ లోపలికీ పోతుంది. దానికి తోడు ఇసుక. కాబట్టి పెట్టె మీది అంకెలు కాదు, ఉప్పూ ఇసుకా లోపలికి పోకుండా ఆ రీల్‌లో ఏం ఏర్పాటు ఉందో చూసి కొను.

ముందు డ్రాగ్ సంగతి. చేప లాగినప్పుడు లైన్ తెగకుండా, అది చుట్టి ఉండే స్పూల్ కాస్త కాస్త జారి వదిలేందుకు ఉన్న బ్రేకు అది. నువ్వు 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్) వేస్తానన్నావు, అంటే అది తట్టుకునే లాగుడు సుమారు 13.6 కిలోలు. డ్రాగ్ అందులో నాలుగో వంతుకి పెట్టుకోవడం పద్ధతి, మహా అయితే మూడో వంతు. అంటే మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు. ఇంట్లో సామాన్లు తూచే చిన్న కొక్కెం త్రాసు ఉంటే లైన్ దానికి కట్టి లాగి చూడు, 4 కిలోల లాగుడంటే పది అడుగుల రాడ్ పట్టుకున్న చేతులకి ఎంత బరువో తెలుస్తుంది. ఇక 18 కిలోల డ్రాగ్ నీకెందుకు? కావలసింది ఎక్కువ డ్రాగ్ కాదు, కుదుపు లేని డ్రాగ్.

ఇది నాకు తగిలి తెలిసిన విషయం. ఒకసారి కోవళంలో తెల్లవారుజామున మంచి పార పడింది, ఇక్కడివాళ్ళు పారై అంటారే, అదే. రీల్ కొత్తదే, రెండో సీజన్. చేప లాగింది, లైన్ బిగిసి గాలికి సన్నగా మోగుతోంది, స్పూల్ మాత్రం కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా జర్రున వదిలి మళ్ళీ పట్టేసింది. మూడో కుదుపుకి ముడి దగ్గర తెగింది. ఇంటికొచ్చి డ్రాగ్ నాబ్ విప్పి చూస్తే లోపల ఫెల్ట్ వాషర్లు ఎండిపోయి, వాటి మీద బియ్యప్పిండి చల్లినట్టు ఉప్పు. నాబ్ కింద రబ్బరు సీల్ అనేదే లేదు! ఆ చేప ఎంత ఉండేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

అందుకని షాపులో మొహమాటపడకు. రీల్‌కి కాస్త లైన్ చుట్టించి, డ్రాగ్ సగం బిగించి, బెయిల్ (లైన్‌ని పట్టి స్పూల్ మీదికి చుట్టే తీగ కమాను) మూసి, చేత్తో మెల్లగా లాగు. కదలడం మొదలయ్యే ఆ మొదటి క్షణమే పరీక్ష. ముందు మొరాయించి తర్వాత జారితే అది వద్దు. నాబ్ విప్పి చూపించమను, నాబ్ చుట్టూ రబ్బరు రింగు ఉందా, లోపల కార్బన్ వాషర్లా ఫెల్టా అని అడుగు. పెన్ కంపెనీ వాళ్ళు హెచ్‌టీ-100 అని పేరు పెట్టిన కార్బన్ వాషర్లు వాడతారు, నిలుస్తాయి.

తర్వాత లైన్ రోలర్. బెయిల్ కొసన లైన్ ఆనే చిన్న చక్రం అది, దాన్ని ఎవరూ పట్టించుకోరు, ముందు పాడయ్యేది మాత్రం అదే. అది తిరగడం మానేస్తే బ్రెయిడ్ ఒకే చోట రాసుకుని నూగు లేస్తుంది, లైన్ మెలికలు పడుతుంది, మనకేమో బ్రెయిడ్ మంచిది కాదనిపిస్తుంది. లైన్ దాని మీదుగా లాగి కళ్ళతో చూడు, తిరుగుతోందా లేదా అని. నేను ఎవరి రీల్ చేతిలోకి తీసుకున్నా ముందు వేలు పెట్టేది అక్కడే.

నీళ్ళు చొరవు అని రాసిన ప్రతిదాన్నీ నమ్మకు. పెన్ స్పిన్‌ఫిషర్ సిక్స్‌కి ఐపీఎక్స్5, స్లామర్ ఫోర్‌కి ఐపీఎక్స్6 అని ఉంటుంది, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు అది. 5 అంటే పైపుతో చిమ్మిన నీటిని తట్టుకుంటుందని, 6 అంటే ఇంకా గట్టిగా చిమ్మినా తట్టుకుంటుందని. నీళ్ళలో ముంచినా ఫర్వాలేదనే హామీ 7 నుంచే మొదలవుతుంది. ఇంకో మాట, అందులో ఎక్స్ ఉన్నచోట దుమ్ముకి సంబంధించిన అంకె ఉండాలి. ఎక్స్ ఉందంటే ఆ పరీక్షకి అంకె ఇవ్వలేదని అర్థం. అంటే ఇసుక విషయంలో అది ఏ హామీ ఇవ్వడం లేదు. అయినా మన ఒడ్డుకి ఈ సీల్ ఉన్నవే మేలు, బరువెక్కువైనా. డైవా వాళ్ళ మ్యాగ్‌సీల్‌లో అయస్కాంతంతో నిలిపిన నూనె తెర ఉంటుంది, బాగా పనిచేస్తుంది గానీ దాన్ని ఇంట్లో విప్పి మామూలు నూనె వేసుకోకూడదు. నీలాగా ప్రతిదీ విప్పి చూడాలనుకునేవాడికి డైవా బీజీ లాంటి మామూలు అల్యూమినియం బాడీ రీల్ నయమేమో అని కూడా నాకుంది.

బాడీ మాత్రం లోహమే ఉండాలి. గ్రాఫైట్ కలిపిన ప్లాస్టిక్ బాడీ తేలికే, కానీ బరువు పడ్డప్పుడు కాస్త వంగి లోపలి పళ్ళచక్రాలు ఒకదానికొకటి సరిగ్గా ఆనవు. రాడ్‌కి బిగించే కాలు పట్టుకుని బెయిల్‌ని మోస్తూ తిరిగే రోటర్‌ని రెండో చేత్తో పక్కకి తోసి చూడు, తెలిసిపోతుంది. మెగ్నీషియం బాడీ అని ఎవరైనా ఊరిస్తే వద్దను, పై పూత ఒకచోట గీసుకుందంటే ఉప్పు తినేస్తుంది.

సైజు విషయానికొస్తే, లూర్ (బొమ్మ ఎర) వేసి పండుగప్ప కోసం ముట్టుకాడు ముఖద్వారం దగ్గర తిరగాలంటే 5000 లేదా 6000 నంబరు రీల్ చాలు. ఇక్కడ కొడువా అంటారు దాన్ని, బేరమాడేటప్పుడు పనికొస్తుంది. బరువైన సీసం కట్టి, ఎర వేసి, రాత్రి టేకు చేపల కోసం కూర్చోవాలంటే 8000. రెంటికీ ఒకటే రీల్ అనకు. పైగా ఒక కంపెనీ 5000కీ ఇంకో కంపెనీ 5000కీ పొంతన ఉండదు, బరువు ఎన్ని గ్రాములు, ఎంత బ్రెయిడ్ పడుతుంది అన్నవే చూడు. గేర్ 5.6 అని ఉంటే హ్యాండిల్ ఒక చుట్టుకి రోటర్ అన్ని చుట్లు తిరుగుతుందని అర్థం, లూర్‌కి అది సరిపోతుంది.

డబ్బంతా రీల్ మీదే పెట్టకు, మంచి బ్రెయిడ్‌కి కొంత ఉంచు. స్పూల్ మీద ముందు కాస్త నైలాన్ లైన్ చుట్టి, దాని మీద బ్రెయిడ్ వేయించు, లేకపోతే బ్రెయిడ్ మొత్తం చుట్టగా జారుతుంది, నువ్వేమో డ్రాగ్ పాడైందనుకుంటావు. అంచుకి రెండు మిల్లీమీటర్లు కిందిదాకా నింపితే చాలు. గాలం విసిరాక బెయిల్ చేత్తోనే మూయి, ఎదురుగాలి రోజుల్లో చిక్కులు సగం తగ్గుతాయి. లైన్ రోలర్ బేరింగ్, బెయిల్ స్ప్రింగ్ ఇక్కడ దొరుకుతాయా అని కొనే రోజే అడుగు. స్ప్రింగ్ విరిగి, అది దొరక్క ఆరు నెలలు మూల పడేసిన రీల్ నా దగ్గర ఉంది.

ఇంటికి రాగానే డ్రాగ్ గట్టిగా బిగించి, పల్చటి ధారతో కడుగు. గట్టిగా కొట్టకు, ఉప్పుని లోపలికి తోసినట్టవుతుంది. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు నాలుక మీద వేసుకుని చూడు, ఉప్పగా ఉంటే వాటితో కడిగి లాభం లేదు, ఒక చెంబు మెట్రో వాటర్ పక్కన పెట్టుకో. తుడిచి, ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచు. రీల్‌ని ఎప్పుడూ ఇసుక మీద పెట్టకు. పడిందంటే హ్యాండిల్ తిప్పకు, ముందు కడుగు.

ఇంకొకటి, మోకాలు దాటిన నీళ్ళలోకి దిగొద్దు. మన ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి లాగే అల కాళ్ళ కింద ఇసుకని తోడేస్తుంది. లోతుకి దిగకుండానే విసిరేందుకే కదా పది అడుగుల రాడ్. మీ అమ్మకి నేను మాటిచ్చాను.

కొనేముందు నీ రాడ్ ఫోటో పంపు, రీల్‌కి దగ్గరగా ఉండే మొదటి గైడ్ (లైన్ దూరే రింగు) పక్కన స్కేలు పెట్టి తియ్యి. ఆ రింగు మరీ చిన్నదైతే పెద్ద స్పూల్ నుంచి వచ్చే లైన్ చుట్లు అక్కడే కొట్టుకుని దూరం తగ్గిపోతుంది. అది చూశాక 5000 తీసుకోవాలా 6000 తీసుకోవాలా చెబుతాను.

మీ మావయ్య
పెరంబూర్