తెల్ల ప్లేటు కారును యాప్‌లో తిప్పొచ్చా? – సమాధానం

ఖాళీగా ఉన్న సొంత కారును హైదరాబాద్‌లో క్యాబ్ యాప్‌కి పెడితే ఈఎంఐ అయినా వస్తుంది, తెల్ల ప్లేటుతోనే (ప్రైవేటు రిజిస్ట్రేషన్‌తోనే) నడుస్తుందా, బ్యాడ్జి (కిరాయి బండి నడిపే డ్రైవర్‌కి ఇచ్చే అనుమతి) కావాలా అని అడిగారు కదా అన్నా. తెల్ల ప్లేటుతో వద్దు.

ఫైన్ సంగతి పక్కన పెట్టండి, అసలు టెన్షన్ ఇన్సూరెన్స్‌ది. ప్రైవేటు కారు పాలసీలో కిరాయికి తిప్పితే వర్తించదని ఉంటుంది, యాక్సిడెంట్ అయిన రోజు కంపెనీ వాడు మొదట పట్టుకునేది ఆ పాయింటే.

"మేం డ్రైవర్‌ని, ప్యాసింజర్‌ని కలిపే యాప్ మాత్రమే" అని ఈ క్యాబ్ యాప్ కంపెనీలు ప్రపంచమంతా వాదించాయి. 2017 డిసెంబర్‌లో యూరప్ అత్యున్నత కోర్టు ఆ మాట ఒప్పుకోలేదు, ఊబర్‌ది రవాణా సేవే అని తేల్చింది. మన దగ్గర 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి వీటిని అగ్రిగేటర్లని పేరు పెట్టి లైసెన్సు కిందికి తెచ్చారు. అయినా బండి కాగితాల బరువు మాత్రం ఓనర్ మీదే, అదీ మన ఖర్మ!

తెల్ల ప్లేటు బైకులు యాప్‌ల్లో తిరుగుతున్నాయి కదా అంటారేమో. 2025 జులై కేంద్ర మార్గదర్శకాల్లో రాష్ట్రం ఒప్పుకుంటే ప్రైవేటు బైకులకు వీలుంది, కార్లకు ఆ వెసులుబాటు లేదు.

బ్యాడ్జి గురించి భయం వద్దు. ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం, అంటే మామూలు కారు) లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ చెప్పింది.

ముందు లోన్ ఇచ్చిన బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడగండి. అది వస్తేనే ఆర్టీఏలో పసుపు ప్లేటుకి (కిరాయి బండి రిజిస్ట్రేషన్‌కి) మార్పించి, ఫిట్‌నెస్, పర్మిట్, కమర్షియల్ ఇన్సూరెన్స్ చేయించండి.