గ్యాస్ బావి పక్కన బోరు నీళ్లు.. కాచి తాగితే సరిపోతుందా?

ప్రశ్న: మాది విజయవాడ. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ దగ్గర ఉంటున్న మా అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. పురుడు పోయడానికి నేను వెళ్తున్నాను. వాళ్లింటికి పైప్‌లైన్ నీళ్లు లేవు, పెరట్లో బోరే ఆధారం. అర మైలు దూరంలో ఫ్రాకింగ్ పద్ధతిలో గ్యాస్ తీయడానికి వచ్చే నెల డ్రిల్లింగ్ మొదలుపెడతారట. నీళ్లు కాచి చల్లార్చి తాగితే సరిపోతుందా? నాకు బీపీ కూడా ఉంది. - ఒక పాఠకురాలు

సలహా: సరిపోదమ్మా. ఫ్రాకింగ్ అంటే రసాయనాలు కలిపిన నీటిని గట్టి ఒత్తిడితో పంపి, లోతున ఉన్న రాతిని పగలగొట్టి గ్యాస్ తీయడం. కాచితే చచ్చేవి క్రిములే. ఉప్పు, బేరియం, ఆర్సెనిక్ ఎక్కడికీ పోవు. నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లను ఎంత మరిగించినా ఫ్లోరైడ్ పోలేదు కదా, ఇదీ అంతే. బెంజీన్ లాంటి రసాయనాలైతే ఆవిరై వంటగది గాలిలో కలుస్తాయి.

అక్కడ గ్యాస్ ఉండే మార్సెలస్ రాతిపొర చాలాచోట్ల 5 వేల నుంచి 8 వేల అడుగుల లోతులో ఉంటుంది. ఇంటి బోరు లోతు కొన్ని వందల అడుగులే. అంత కిందనుంచి పగుళ్లు పైదాకా పాకడం అరుదు. అసలు ప్రమాదం గ్యాస్ బావి గొట్టం చుట్టూ వేసిన సిమెంటు సరిగా లేనప్పుడు, రసాయనాలు నేలమీద ఒలికినప్పుడు, బావిలోంచి తిరిగొచ్చే ఉప్పునీరు లీకైనప్పుడు వస్తుంది. ఆ నీటిలో బేరియం, స్ట్రాన్షియం, రేడియం ఉంటాయి. అదే రాష్ట్రంలోని డిమాక్‌లో 2009 జనవరి 1న ఒక ఇంటి బోరు మీథేన్ (సహజవాయువులో ఉండే, మండే గ్యాస్) నిండి పేలింది. అలాగని ప్రతి బోరూ పాడవుతుందని కాదు. కొన్ని పరిస్థితుల్లో ఫ్రాకింగ్ తాగునీటిని దెబ్బతీయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2016లో తేల్చింది.

పెన్సిల్వేనియాలో 11 లక్షల జననాలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి బావికి కిలోమీటరు లోపు ఉన్న తల్లులకు తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం సుమారు 25 శాతం పెరిగినట్టు తేలింది. కారణం నీళ్లా, గాలా అన్నది అందులో తేలలేదు. అర మైలంటే 800 మీటర్లే కాబట్టి మీ అమ్మాయి ఈ సంగతి తన గైనకాలజిస్టుకు తప్పక చెప్పాలి. బిడ్డ ఎదుగుదలను స్కానింగ్‌లో కాస్త దగ్గరగా గమనిస్తారు. అంతకుమించి టెన్షన్ పడొద్దు, తననీ భయపెట్టొద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, డ్రిల్లింగ్ మొదలయ్యేలోపే బోరు నీటిని పరీక్ష చేయించడం. సొంత బోర్లను అక్కడ ప్రభుత్వం పరీక్షించదు, ఇంటివాళ్లే చూసుకోవాలి. రాష్ట్ర గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో మీథేన్, క్లోరైడ్, సోడియం, బేరియం, స్ట్రాన్షియం, ఆర్సెనిక్, బెంజీన్ చూడమనండి. ఆ ప్రాంతంలో మీథేన్ సహజంగానే కొన్ని బోర్లలో ఉంటుంది. ముందటి రిపోర్ట్ లేకపోతే తర్వాత వచ్చిన తేడాను నిరూపించడం చాలా కష్టం. 2012 నాటి అక్కడి చట్టం ప్రకారం గ్యాస్ బావికి 2,500 అడుగుల లోపు, పని పూర్తయిన 12 నెలల్లో నీళ్లు పాడైతే, బాధ్యత కంపెనీదేనని ముందుగా భావిస్తారు. అర మైలంటే 2,640 అడుగులు! అందుకే దూరాన్ని కచ్చితంగా కొలిపించమనండి.

డ్రిల్లింగ్ మొదలయ్యాక మళ్లీ పరీక్ష చేయించి, ఫలితం బాగుందని తేలేదాకా తాగడానికి, వంటకు, రేపు పాపాయికి పాలపొడి కలపడానికీ సీసా నీళ్లే వాడండి. మీథేన్‌కు రంగూ వాసనా ఉండవు. తాగితే విషం కాదు గానీ, మూసి ఉన్న గదిలో చేరితే అంటుకుంటుంది. కుళాయి తిప్పగానే నీళ్లు సోడాలా బుసబుసమంటే కిటికీలన్నీ తెరవండి. స్టవ్ కాదు, దేవుడి దగ్గర దీపం కూడా వెలిగించకుండా బయటికొచ్చి, ఎమర్జెన్సీ నంబరు 911కు ఫోన్ చేయండి.

ఇక మీ బీపీ సంగతి. బోరులోకి ఉప్పునీరు చేరితే సోడియం పెరుగుతుంది, అది మీకూ మంచిది కాదు. మీరూ సీసా నీళ్లే తాగండి. అక్కడున్నన్నాళ్లకు సరిపడా మాత్రలు, ప్రిస్క్రిప్షన్‌తో సహా, వెంట తీసుకెళ్లండి.