పద్ధతి పేరు చెప్పి వీసాను దాచకండి

ప్రశ్న: మాది గుంటూరు. మావారి ఉద్యోగం వల్ల 2011లో అమెరికా వచ్చి టెక్సాస్‌లో స్థిరపడ్డాం. అప్పటికి పాపకు మూడేళ్లు, ఇప్పుడు పదిహేడు. బాబు ఇక్కడే పుట్టాడు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాం. నేను ఎమ్మెస్సీ చదివి కూడా, మావారి ఉద్యోగ వీసాను బట్టి భార్యాపిల్లలకు ఇచ్చే హెచ్-4 వీసా వల్ల నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాను. తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకునే స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుంటామన్న భయంతో ఆరేళ్లుగా ఊరు వెళ్లలేదు, మా నాన్నగారు పోయినప్పుడు కూడా. పాప తెలుగులో పలకడం మానేసింది. మా అమ్మ ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి ఇచ్చేస్తుంది. స్నేహితురాళ్లతో పాటు ఐస్‌క్రీమ్ షాపులో పనికి చేరతానంటే, మన ఇళ్లలో ఆడపిల్లలు అలాంటి పనులు చేయరని మావారు కోప్పడ్డారు. నిజానికి తను కూడా హెచ్-4 మీదే ఉంది, పని చేయకూడదు. చిన్నపిల్లకు ఆ గొడవంతా ఎందుకని అలా చెప్పాం. ‘తమ్ముడైతే పంపేవారు. నేను ఇండియన్‌ని కాను, మీ పద్ధతులు నాకు వద్దు’ అని తలుపు వేసుకుంది. నెల రోజులుగా ముభావంగా ఉంటోంది. నువ్వే నెత్తికెక్కించుకున్నావని మావారు నన్ను అంటున్నారు. పాపను దారికి తెచ్చుకోవడం ఎలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, పాప కోపానికి సగం కారణం మీ ఉత్తరంలోనే ఉంది. వీసా వద్దన్న పనిని మన ఆచారం వద్దన్నట్టు చెప్పారు. ప్రేమతోనే చెప్పారు, నాకు సందేహం లేదు. కానీ ఆ అమ్మాయి వైపు నుంచి చూడండి. తోటి పిల్లలు శనివారం పనికి వెళ్లి సొంత డబ్బుతో తిరిగి వస్తున్నారు. తనను పంపరు. ఎందుకని అడిగితే ఆడపిల్లవన్నారు. తమ్ముడికి ఈ అడ్డు ఉండదని ఆమె సరిగ్గానే ఊహించింది. అక్కడ పుట్టాడు కాబట్టి అతనికి ఉండదని మాత్రం తెలియదు. ఇంకో పదేళ్లకు కూడా ‘మన ఇల్లు’ అన్న మాట వినగానే ఆమెకు ఈ నిషేధమే గుర్తుకు వస్తే ఎంత అన్యాయం! అమెరికా చట్టం చేసిన పనికి మన తాతముత్తాతలు మాట పడుతున్నారు.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకా ఆమె చెవిన పడలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. ఇరవై ఒకటి నిండితే హెచ్-4 ఉండదు. ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వకూడదన్నది నియమం. మనవాళ్ల క్యూ అంతగా సాగడానికి కారణం అదే. మీ వంతు వచ్చేలోగా పాప వయసు దాటితే తండ్రి దరఖాస్తులోంచి జారిపోతుంది. గ్రీన్‌కార్డు పిటిషన్ పరిశీలనలో ఉన్న రోజులను వయసులోంచి తగ్గించే చట్టం 2002లో వచ్చింది. మీ విషయంలో అది ఎన్ని రోజులో లాయరును ఇప్పుడే లెక్కకట్టమనండి. అది చాలకపోతే ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారే ఏర్పాటు ముందుగానే చూసుకోవాలి.

త్వరలో ఆమె కాలేజీ దరఖాస్తులు నింపుతుంది. పౌరసత్వం ఏమిటని అడిగే గడి ఒకటి అందులో ఉంటుంది. ఫెడరల్ ఆర్థిక సాయానికి తనకు అర్హత లేదని కూడా అప్పుడే తెలుస్తుంది. అంత బరువైన మాట ఒక ఫారం చెప్పకముందే మీరు చెప్పండి.

ఒక సాయంత్రం సొరుగులోంచి పిల్లలిద్దరి పాస్‌పోర్టులు తీసి బల్ల మీద పెట్టండి. రెండూ ముదురు నీలమే. బాబుదాని మీద గద్ద, పాపదాని మీద సింహాల ముద్ర. ‘ఇండియన్‌ని కాను’ అన్న పిల్లకు చట్టం లెక్కలో ఉన్న దేశం అదొక్కటే. అది విని ఏడవవచ్చు, ఇన్నేళ్లు ఎందుకు దాచారని నిలదీయవచ్చు. నిలదీయనివ్వండి. ‘ఏమీ కాదులే’ అని తొందరపడి సర్దిచెప్పకండి. ఏ భాషలో వింటే ఆమెకు సులువో ఆ భాషలోనే చెప్పండి, ఆ రోజు తెలుగు కోసం పట్టుబట్టవద్దు. మీ నాలుగేళ్ల కథ కూడా చెప్పండి. చదువుకుని ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో, 2015లో హెచ్-4 మీద ఉన్న భార్యల్లో, భర్తల్లో కొందరికి పని అనుమతి వచ్చినప్పుడు మీకు ఎలా అనిపించిందో. పిల్లలకు ఆ అనుమతి రాలేదు. ఆ ఇంట్లో ఆమె బాధ ఎవరికైనా అచ్చంగా తెలుసంటే అది మీకే.

ఐస్‌క్రీమ్ షాపు మాట మాత్రం మీవారే వెనక్కి తీసుకోవాలి. ‘ఆడపిల్లవని కాదు తల్లీ, అసలు సంగతి చెప్పడానికి భయపడ్డాను’ అంటే చాలు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో దారి చూసుకోవాల్సిన వీసా మీద ఇన్నేళ్లు ఇల్లు నడిపిన మనిషి ఆయన. ఆ భయం ఎంతటిదో పాపకు తెలిస్తే తండ్రి ఆమెకు కొత్తగా కనిపిస్తాడు. ఇలాంటి పిల్లలు ఆ దేశంలో చాలామంది ఉన్నారు. వారిలో కొందరు వాషింగ్టన్ వెళ్లి సెనేటర్ల ముందు తమ గోడు చెప్పుకున్నారు. అలాంటివాళ్లతో మాట్లాడితే ఆమెకు ఒంటరితనం తగ్గుతుంది.

ఇక తెలుగు. ఒక రోజంతా పాప చెవిన పడే తెలుగు మాటలు కాగితం మీద రాసి చూడండి. లే. తెమలు. తిన్నావా? ఆ ఫోను పక్కన పెట్టు. ఎవరితో మాట్లాడుతున్నావు? నవ్వూ కబుర్లూ ఆమెకు ఇంగ్లీషులో అందుతున్నాయి, ఆజ్ఞలు తెలుగులో అందుతున్నాయి. సెలవుల్లో నా దగ్గరకు వచ్చే ఇలాంటి పిల్లల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే నవ్వుతారని భయం. ‘ళ’ పలకలేదని పిన్ని కొడుకు వెక్కిరిస్తే ఒక అమ్మాయి మూడేళ్లు తెలుగులో నోరు విప్పలేదు. మీ ఇంట్లో కొన్నాళ్లు ఆమె తప్పులు దిద్దకండి. మీరు డ్రైవింగ్ పరీక్ష తప్పిన రోజు గురించో, మొదటిసారి మంచు చూసిన రోజు గురించో తెలుగులో చెప్పండి.

నెల రోజుల మౌనాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నిద్ర, తిండి తగ్గినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా స్కూలు కౌన్సిలర్‌ను కలవండి. అత్యవసరమైతే అక్కడ ఆత్మహత్యల నివారణకు ఉన్న సహాయ నంబరు 988కి ఫోను చేయవచ్చు.

తాతగారు పోయినప్పుడు ఎందుకు వెళ్లలేదో పాపకు చెప్పారా? చెప్పకపోతే అది కూడా ఆ సాయంత్రమే చెప్పండి. తరువాత వచ్చే శనివారం రాత్రి, గుంటూరులో తెల్లవారాక, మీ అమ్మగారికి ఫోను కలిపి పాప చేతికి ఇవ్వండి. తిన్నావా, చదువుతున్నావా అని అడగవద్దని, తాతయ్య సంగతులు ఏవైనా చెప్పమని అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. పాప ఇంగ్లీషులో జవాబిస్తే ఇవ్వనివ్వండి. మీరు గదిలోంచి బయటకు వచ్చేయండి, తలుపు దగ్గర నిలబడి వినకండి.