పాత బ్రిటిష్ టీవీ డాక్యుమెంటరీలు ఇప్పుడు చూడొచ్చా? దేంతో మొదలుపెట్టాలి?

డెబ్బైల నాటి బీబీసీ ప్రోగ్రాములు యూట్యూబ్‌లో బోలెడు కనిపిస్తున్నయ్, ఇంత పాతవి ఇప్పుడు చూస్తే ఏమన్నా ఉపయోగం ఉందా, ఉంటే ఎక్కడ స్టార్ట్ చెయ్యాలి అని కదా మీ ప్రశ్న. నన్నడిగితే పెద్ద పెద్ద పేర్లన్నీ పక్కన పెట్టి, చిమ్నీలు కూల్చే ఒక టోపీ ఆయనతో మొదలుపెట్టండి అంటా. నేను అలాగే ఇందులో పడ్డా మరి.

మాది పాల్వంచ. మా నాన్న కేటీపీఎస్‌లో, అదే కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. 2024 ఆగస్టులో పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదీ పేలుడు పెట్టి కూల్చేశారు, మీరు కూడా వాట్సాప్‌లో చూసే ఉంటారు. ఒక్కో టవరు నేలకి రావడానికి పట్టింది కొన్ని సెకన్లే. నాన్న ఆ వీడియో నా ఫోన్‌లో పదిసార్లు పెట్టించుకుని చూశాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఇంక అప్పట్నుంచి యూట్యూబ్ నాకు ప్రపంచంలో ఎక్కడ ఏ కట్టడం కూల్చినా తెచ్చి చూపించడం మొదలుపెట్టింది, అట్లా అట్లా ఒక రోజు రాత్రి నల్లటి టోపీ, మసి పట్టిన చేతులు ఉన్న ఒకాయన వచ్చాడు. పేరు ఫ్రెడ్ డిబ్నా, ఊరు ఇంగ్లండ్‌లో బోల్టన్. ఎత్తైన చిమ్నీలు, చర్చి గోపురాలు ఎక్కి రిపేర్లు చెయ్యడం, అవసరమైతే కూల్చడం ఆయన పని. 1979లో బీబీసీ వాళ్ళు ఆయన మీద డాక్యుమెంటరీ తీశారు, దాంతో ఆ దేశం మొత్తానికీ తెలిసిపోయాడు. 2004లో చనిపోయాడు.

ఆయన పేలుడు వాడడు, అదీ విషయం. చిమ్నీ ఏ పక్కకి పడాలో ఆ పక్క అడుగున ఇటుకలు తొలుచుకుంటూ వస్తాడు, తొలిచిన ఖాళీలో వెంటవెంటనే కర్రదుంగలు పోటు పెట్టుకుంటూ పోతాడు. అలా సగం చుట్టుకి పైగా తీసేసరికి అంత చిమ్నీ ఆ పక్కన కర్రల మీద నిలబడి ఉంటుంది. అప్పుడు చుట్టూ కట్టెలు, పాత టైర్లు పేర్చి నిప్పు పెడతాడు. పోటు కర్రలు కాలిపోగానే చిమ్నీ ఆయన చెప్పిన వైపుకే మెల్లగా వంగి పడుతుంది, ఈయన పరిగెత్తి పక్కకొచ్చి వెనక్కి తిరిగి, నచ్చిందా అని అడుగుతాడు. చిన్నపిల్లాడి మొహం.

అసలు కూల్చేదాని కంటే నిచ్చెన కట్టేది చూడాలి మీరు. గోడకి చిన్న బొక్క కొట్టి, అందులో చెక్క బిరడా దిగ్గొట్టి, దాంట్లోకి ఇనప కొక్కెం దింపి, నిచ్చెనని దానికి తాడుతో కట్టి, ఆ నిచ్చెన ఎక్కి పైన ఇంకో బొక్క. ఇంతే, ఇదే పని పైదాకా. కెమెరా ఎక్కడికీ పోదు, మ్యూజిక్ లేదు, సుత్తి చప్పుడు, గాలి చప్పుడు, మధ్యలో ఆయన తనలో తను మాట్లాడుకున్నట్టు చెప్పే కబుర్లు. నాన్నకి ఇంగ్లిష్ అంతంతమాత్రం, ఆ బోల్టన్ యాస నాకే సగం అర్థం కాదు, అయినా ఆయన కళ్ళార్పకుండా చూశాడు.

"ఏందిరా వీడికి బెల్టు లేదూ?" అన్నాడు.

"అప్పట్లో పెట్టుకునేవాళ్ళు కాదేమో నాన్నా."

"మా దగ్గరైతే గేటు బయటికి పంపేవాళ్ళు," అన్నాడు. కాసేపాగి, "కానీ చెయ్యి చూడు, ఒక్క దెబ్బ వేస్ట్ కాట్లేదు."

టవర్లు కూలినప్పట్నుంచి ప్లాంటు మాటే ఎత్తని మనిషి, ఆ రాత్రి బాయిలర్ గురించి, నైట్ షిఫ్ట్ గురించి పన్నెండింటి దాకా చెప్తూనే ఉన్నాడు. డాక్యుమెంటరీ వల్ల ఉపయోగం ఏంటంటే నా దగ్గరున్న జవాబు ఇదే.

ఇక్కడ ఒక పిడకలవేట. ఫ్రెడ్ కూల్చిన చిమ్నీలు చాలావరకు లంకాషైర్ నూలు మిల్లులవి. మన చేనేత వాళ్ళ పొట్ట కొట్టిన మిల్లు బట్ట అక్కడిదే కదా. 1931లో గాంధీ గారు అదే లంకాషైర్‌లో డార్వెన్ అనే ఊరికి వెళ్ళి, మన విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల పనులు పోయిన మిల్లు కార్మికులతో మాట్లాడి వచ్చారు, ఆ న్యూస్‌రీళ్ళు, అంటే అప్పట్లో సినిమా హాళ్ళలో వేసే వార్తా చిత్రాలు, కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతయ్. ఆ మిల్లులు మూతపడి, వాటి చిమ్నీ కర్రల మీద నిలబడి కాలుతుంటే నాకు సంతోషించాలో జాలిపడాలో అర్థం కాలేదు. ఫ్రెడ్‌కి కూడా అంతే, కూల్చడం ఆయన కూడు, కానీ కట్టినవాళ్ళ పనితనం గురించి చెప్పేటప్పుడు గొంతు మారిపోతుంది.

సరే, ఆయన్ని చూశాక ఆకలి పుడితే ఇంకా ఉన్నయ్. జేమ్స్ బర్క్ అని ఒకాయన 1978లో కనెక్షన్స్ అని పది భాగాలు చేశాడు, ఒక చిన్న వస్తువు ఇంకోదానికి ఎట్లా దారి తీసిందో గొలుసు కట్టి చెప్తాడు. అందులో ఒక షాట్ ఉంది, థర్మాస్ ఫ్లాస్క్ గురించి చెప్తూ చెప్తూ, హైడ్రోజన్ ఆక్సిజన్ అట్లా చల్లగా దాచి రెండూ కలిపి మండిస్తే ఏమొస్తుందో చూడండి అన్నట్టు వెనక్కి చెయ్యి చూపిస్తాడు, సరిగ్గా ఆ క్షణానికి దూరంగా రాకెట్ లేస్తుంది. గ్రాఫిక్స్ కాదు, 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకని మోసుకెళ్ళిన నిజం రాకెట్. తప్పు మాట్లాడితే రాకెట్ మళ్ళీ ఆగి ఇంకో టేక్ ఇవ్వదు కదా! నేను ఆ ముక్క ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో.

1973 నాటి అసెంట్ ఆఫ్ మ్యాన్ అయితే ఒక్కరే కూర్చుని చూడండి. జేకబ్ బ్రొనోస్కీ అనే లెక్కల శాస్త్రవేత్త, పోలండ్‌లో పుట్టిన యూదుడు, పదమూడు భాగాల్లో సైన్స్ చరిత్ర చెప్తాడు. పదకొండో భాగం చివర్లో నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌లో ఒక నీళ్ళ గుంట దగ్గర నిలబడి మాట్లాడుతూ ఉంటాడు, చంపిన మనుషుల బూడిద కలిపిన గుంట అది, ఆయన బంధువులు కూడా చాలామంది అక్కడ పోయారు. మాట్లాడుతూ మాట్లాడుతూ సూటు బూట్లతోనే నీళ్ళలోకి నడిచి వంగి గుప్పెడు బురద తీస్తాడు. నాకు ఆ తర్వాత ఆయన ఏమన్నాడో వినపడలేదు, ఆ బురదే చూస్తూ ఉండిపోయా. ఇంకేం చూడాలనిపించక ఫోన్ పక్కన పెట్టేశా ఆ రోజు.

రెండో ప్రపంచ యుద్ధం మీద ఇష్టం ఉంటే వరల్డ్ ఎట్ వార్, 26 భాగాలు, ఇది బీబీసీది కాదు, థేమ్స్ టెలివిజన్ వాళ్ళది. అప్పటికి యుద్ధం చేసినవాళ్ళు, చేయించినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళే వచ్చి మాట్లాడతారు. సెవెన్ అప్ అని ఇంకోటి, 1964లో ఏడేళ్ళ పిల్లల్ని మాట్లాడించి, ప్రతి ఏడేళ్ళకీ మళ్ళీ వెళ్ళి అడుగుతూ 2019లో వాళ్ళకి 63 వచ్చేదాకా తీశారు, జాకీ అవుతానన్న పిల్లోడు టాక్సీ డ్రైవరవడం అన్నీ మన కళ్ళ ముందే.

అన్నీ గొప్పవి అనుకోకండి. సివిలిజేషన్ అని 1969ది, దాన్ని అందరూ మెచ్చుకుంటారు, బొమ్మలు అద్భుతం నిజమే, కానీ నాగరికత అంటే పశ్చిమ యూరప్ ఒక్కటే అన్నట్టు నడుస్తుంది, మనం లెక్కలోనే లేం. మైండ్ యువర్ లాంగ్వేజ్ లాంటి కామెడీల్లో మనవాళ్ళని చూపించిన తీరుకి సగం నవ్వు, సగం చిరాకు.

కొన్ని చిట్కాలు. జనం ఇంట్లో వీహెచ్ఎస్ క్యాసెట్లలో రికార్డ్ చేసుకున్నవి ఎక్కించినవి చాలా ఉంటయ్, మనిషి మొహం అడ్డంగా సాగి కనిపిస్తే అది నలుచదరానికి దగ్గరగా ఉండే పాత ఫ్రేమ్‌ని వైడ్‌స్క్రీన్‌కి లాగిందని అర్థం, వదిలేసి వేరే కాపీ వెతకండి. స్టూడియోలో తీసింది ఒక రకంగా, బయట తీసింది గరగరలాడుతూ ఇంకో రకంగా ఉంటే కంగారు పడకండి, లోపల వీడియో టేపు, బయట 16 ఎంఎం ఫిలిం వాడేవాళ్ళు. ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్‌ని బోల్టన్ యాస దగ్గర అస్సలు నమ్మొద్దు. బీబీసీ ఆర్కైవ్ సొంత ఛానల్ ఉంది, బ్రిటిష్ పాథే వాళ్ళు 2014లో 85,000 న్యూస్‌రీళ్ళు ఒకేసారి ఎక్కించారు, అవి మాయమవ్వవు. మిగతావి మాయమవుతయ్, నేను సేవ్ చేసుకున్న లిస్టులో ఇప్పటికే ఏడెనిమిది ఎగిరిపోయినయ్. అయినా తిట్టుకోలేం, అప్పట్లో టేపు ఖరీదని బీబీసీ వాళ్ళే పాతవి చెరిపి మళ్ళీ వాడుకున్నారు, డాక్టర్ హూ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ పాత ఎపిసోడ్లు దాదాపు వంద అట్లాగే పోయినయ్, చంద్రుడి మీద మనిషి దిగిన రాత్రి వాళ్ళ స్టూడియో ప్రసారం కూడా పోయింది.

నాన్న ఇప్పుడు తనే మైకులో చెప్పి వెతుక్కుంటాడు. ఒక్కటే జాగ్రత్త, ఫ్రెడ్ డిబ్నా అని పూర్తి పేరు చెప్పండి. నాన్న ఉత్త చిమ్నీ అన్నాడు, నెల రోజుల నుంచి మా ఇంట్లో అన్ని ఫోన్లకీ కిచెన్ చిమ్నీ యాడ్సే, అమ్మేమో అందులో ఒకటి బావుంది కొందామంటోంది.