మలావీ సరస్సుకి వస్తున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఐదు రోజుల్లో ఎన్‌ఖాటా బే, లికోమా దీవి, సెంగా బే, కేప్ మెక్లియర్ అన్నీ పెట్టేశావు. కుదరదురా. ఈ సరస్సు పొడవు దాదాపు 580 కిలోమీటర్లు. నువ్వు రాసినవాటిలో సగం ఉత్తరాన, సగం దక్షిణాన ఉన్నాయి. పిల్లలు నీళ్లు చూసేదానికంటే కారు సీటు చూసేదే ఎక్కువవుతుంది. ఇలాలా ఓడలో లికోమాకి వెళ్లాలని నాకూ ఇష్టమే, 1951 నాటి ఓడ అది, కానీ ఇంత చిన్న ట్రిప్పులో ఇరికించే ప్రయాణం కాదు. అన్నీ కొట్టేసి దక్షిణాన ఉన్న కేప్ మెక్లియర్ ఊరొక్కటే ఉంచు. మలావీ రాజధాని లిలాంగ్వే నుంచి కారులో నాలుగైదు గంటలు.

టికెట్లు ఇంకా కొనకపోతే ఆగస్టు మానేసి దసరా సెలవులకి రండి. ఇక్కడ ఏం చెయ్యాలన్నా గాలినిబట్టే. మే నుంచి ఆగస్టు దాకా ఆగ్నేయం నుంచి మ్వెరా అనే గాలి వీస్తుంది, అది లేచిందంటే ఇది సరస్సన్న మాట మర్చిపోవాల్సిందే, మనిషెత్తు అలలు వస్తాయి, పడవలు ఒడ్డున పడుకుంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎండ మండిపోతుంది గానీ నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి. నవంబరు దాటితే వానలు. ఏ నెలలో వచ్చినా ఒకటి గుర్తుపెట్టుకో: కయాక్ అయినా పడవ అయినా పొద్దున్నే బయల్దేరాలి. పడవవాడు ఆకాశం చూసి ఈరోజు వద్దంటే, డబ్బులు కట్టాం కదా అని వాడితో వాదించకు. లైఫ్ జాకెట్లు పిల్లలకు సరిపోతాయో లేదో ఒడ్డునే తొడిగి చూడు.

కయాక్‌లో వెళ్లాలంటే పెద్దవాళ్లకి డోమ్వే దీవి బాగుంటుంది. ముంబో ఇంకా దూరం, పది కిలోమీటర్ల దాకా తెడ్డు వెయ్యాలి, అలవాటు లేని భుజాలకి అది సరదా కాదు. పిల్లలతో అయితే ఎదురుగా కనిపించే థంబీ వెస్ట్ దీవి చాలు. పడవవాళ్లు అక్కడే చాంబో చేప కాల్చి పెడతారు. ఈల వేసి చేపముక్క విసిరితే ఫిష్ ఈగిల్ దిగి తన్నుకుపోతుంది, ఫోన్ ముందే ఆన్ చేసి పెట్టుకో.

అసలు మజా నీళ్లలో తల ముంచితేనే. మాస్క్, స్నార్కెల్ అక్కడ అద్దెకిస్తారు, కానీ పిల్లల సైజువి ఇంటినుంచే తెచ్చుకోండి, వదులుగా ఉన్న మాస్క్ అంత చిరాకు ఇంకోటి లేదు. రాళ్ల మధ్య నీలం, పసుపు రంగు చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి, వాటిని ఇక్కడ ఎంబునా అంటారు. మన హైదరాబాద్ అక్వేరియం షాపుల్లో ఆఫ్రికన్ సిచ్లిడ్లని అమ్మేవాటిలో చాలావాటి సొంతూరు ఇదే. వందల రకాలున్నాయి, ఎక్కువ భాగం ప్రపంచంలో ఇంకెక్కడా దొరకవు, అందుకే 1984లో ఇక్కడి లేక్ మలావీ నేషనల్ పార్కుని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆటర్ పాయింట్ దగ్గర కదలకుండా తేలుతూ ఉండండి, అవే దగ్గరికొస్తాయి. ఎంబునా తల్లి గుడ్లని, పిల్లల్ని నోట్లోనే పెట్టుకుని మోస్తుంది. దవడ ఉబ్బిన చేప కనబడితే చిన్నదానికి చూపించు.

ఇక అక్క ఫోన్లో టెన్షన్ పడుతున్న బిల్‌హార్జియా. ఉందమ్మా, లేదని నేను చెప్పను. నత్తల్లోంచి వచ్చే సన్నటి పురుగు చర్మంలోంచి ఒంట్లోకి దూరుతుంది. ఊరివాళ్లు స్నానాలు చేసే చోట, నాచు, రెల్లు ఉన్న నిలవనీళ్లలో దిగొద్దు. రాళ్ల దగ్గర, లోతు నీళ్లలో ముప్పు తక్కువ, సున్నా మాత్రం కాదు. బయటికి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడుచుకోండి. ముందే మాత్ర వేసుకుంటే లాభం లేదు, అది ఎదిగిన పురుగుల మీదే పనిచేస్తుంది. ఇంటికెళ్లాక రెండు మూడు నెలలకి అందరూ పరీక్ష చేయించుకోండి. మన దగ్గర ఈ జబ్బు దాదాపు కనబడదు కాబట్టి ఆఫ్రికాలో సరస్సులో ఈదామని డాక్టరుకి మీరే చెప్పాలి. నిజానికి ఇక్కడ నేను ఎక్కువ భయపడేది మలేరియాకి. దాని మాత్రలు బయల్దేరకముందే డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి, దోమతెరలో పడుకోండి.

నదులు కలిసే చోట మొసళ్లు, నీటిగుర్రాలు ఉంటాయి. చీకటి పడ్డాక ఒడ్డున షికారు వద్దు.

తిండికి బెంగ లేదు. ఎన్‌సిమా అంటే మొక్కజొన్న పిండితో చేసిన మన సంకటి లాంటిదే, చాంబో పులుసుతో బ్రహ్మాండంగా పోతుంది. పచ్చడి మాత్రం తెచ్చుకో, నాకూ ఒక సీసా.

స్కూబా డైవింగ్ అంటున్నావు కదా, మొదటి రెండు రోజుల్లోనే కానిచ్చెయ్. ఈ సరస్సు సముద్రమట్టానికి 470 మీటర్లకి పైనే ఉంది, ఎత్తున్న చోట డైవింగ్ లెక్క మారుతుంది కాబట్టి అది తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తోనే దిగు. డైవ్‌కీ ఫ్లైటుకీ మధ్య ఒక రోజంతా ఖాళీ ఉండాలి. ఊరి వెనక కొండ కూడా ఆ రోజు ఎక్కొద్దు, ఆ తర్వాత ఎక్కొచ్చు, గైడ్ దొరుకుతాడు. తేదీలు ఖాయం కాగానే చెప్పు, కారు నేను మాట్లాడతాను.

మామయ్య