మాట దాగింది, వేషం దాగలేదు

ప్రశ్న: మా అబ్బాయి చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. వాట్సాప్ కాల్ కోసం పెట్టుకున్న వీపీఎన్ నాలుగు రోజులు పనిచేసి ఆగిపోతోంది. డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయినప్పుడు అది వీపీఎన్ అని వాళ్లు ఎలా పసిగడుతున్నారు? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అక్కడ వాట్సాప్ నడవదు, ఇక్కడ 2020 జూన్‌లో వాళ్ల మెసేజింగ్ యాప్ వీచాట్‌ను నిషేధించారు. మధ్యలో నలిగేది తల్లిదండ్రులే కనుక ఈ ప్రశ్న పదేపదే వస్తోంది.

వీపీఎన్ మన డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి, వేరొక సర్వర్ మీదుగా పంపుతుంది. ఎన్‌క్రిప్షన్ మాటను దాస్తుందే తప్ప, దాస్తున్న సంగతిని దాచదు. పైగా పూర్తిగా కలగాపులగం చేసిన డేటాకు తనదైన ఆనవాలు ఒకటుంటుంది: బైటులోని ఎనిమిది బిట్లలో (అంటే సున్నా, ఒకటి అంకెల్లో) సగటున నాలుగు ఒకట్లు వస్తాయి. 2021 నవంబరు నుంచి చైనా ఫైర్‌వాల్ (ఇంటర్నెట్‌ను వడగట్టే ప్రభుత్వ వ్యవస్థ) కనెక్షన్ మొదటి ప్యాకెట్‌లో, అంటే మొదట వెళ్లే డేటా ముక్కలో, ఈ సగటును లెక్కగట్టి, అది 3.4కూ 4.6కూ మధ్య ఉండి, మామూలు వెబ్ ట్రాఫిక్ గుర్తులు గానీ చదవదగిన అక్షరాలు గానీ కనబడకపోతే అడ్డుకోవడం మొదలుపెట్టిందని పరిశోధకులు 2023లో వెల్లడించారు. ఫైర్‌వాల్‌ను దాటించే షాడోసాక్స్ వంటి సాధనాలు దెబ్బతిన్నది అక్కడే. దేన్నీ పోలకుండా ఉండడమే వాటి వేషం, అదే వాటిని పట్టించింది. పోనీ వేరొకదాని వేషం కడదామన్నా తేలిక కాదు. అజ్ఞాతంగా బ్రౌజ్ చేయించే టార్ నెట్‌వర్క్ వారి స్నోఫ్లేక్ అనే సాధనం వీడియో కాల్‌లా కనబడుతుంది. అయినా బ్రౌజర్లు పంపని ఒక చిన్న వివరం దాని హ్యాండ్‌షేక్‌లో (కనెక్షన్ మొదట్లో జరిగే పలకరింపులో) ఉండడంతో 2021 డిసెంబరులో రష్యాకు దొరికిపోయింది.

నాకు ఫైర్‌వాల్ కంటే ఎక్కువ దిగులు పుట్టించేవి హాస్టల్ గ్రూపుల్లో చేతులు మారే ఉచిత వీపీఎన్ ఏపీకే ఫైళ్లు (యాప్ స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఆండ్రాయిడ్ యాప్‌లు). ప్రభుత్వానికి కనబడకుండా వెళ్లే ట్రాఫిక్ అంతా ఆ వీపీఎన్ సర్వర్ నడిపేవాడి గుమ్మం ముందు నుంచే పోతుంది కదా, వాడెవరో ఎవరూ అడగరు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సీఏ సర్టిఫికెట్ (ఏ సైటు అసలైనదో ఫోన్‌కు హామీ ఇచ్చే పత్రం) పెట్టుకోమని అడిగిందంటే, బ్రౌజర్‌లో తెరిచే బ్యాంకు పేజీని సైతం విప్పి చదివే తాళంచెవి అడిగినట్టే. మీ అబ్బాయి ఫోన్ సెట్టింగ్స్‌లో 'యూజర్ సర్టిఫికెట్లు' అన్నచోట తాను పెట్టనిది ఏదైనా కనబడితే, దాన్నీ ఆ యాప్‌నూ తీసేసి, పాస్‌వర్డ్‌లు మార్చుకోమనండి. వీపీఎన్ తెగిపోయినా పచ్చ గుర్తు చూపిస్తూ, కిల్ స్విచ్‌ను (వీపీఎన్ తెగితే ఇంటర్నెట్‌నే ఆపేసే మీటను) ఎక్కడో మూడో మెనూ కింద దాచే డిజైనర్లను ఏమనాలో నాకు తోచదు.

చైనాలో అనుమతి లేని వీపీఎన్ చట్టవిరుద్ధం కూడా. భారతీయ సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ వేయిస్తే డేటా సాధారణంగా ఇక్కడి ఆపరేటర్ మీదుగానే వెళుతుంది కాబట్టి వాట్సాప్ పనిచేస్తుంది. రోజూ కాకపోయినా, ఆదివారం కాల్‌కు ఆ ఖర్చు భరించవచ్చు.