మీ ప్రశ్న – మా జవాబు: తుపాకీ పట్టనంటే సైన్యం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: మా అక్క కొడుకు అమెరికా ఆర్మీలో చేరి రెండేళ్లయింది. ఇప్పుడు మనిషి మీద తుపాకీ ఎత్తడం తన వల్ల కాదంటున్నాడు. చెప్పాపెట్టకుండా వచ్చేస్తాడేమోనని మా భయం. చట్టప్రకారం బయటపడే దారి ఉందా? – ఒక చదువరి, విజయవాడ

జవాబు: ఉందండీ. సెలవు లేకుండా మాత్రం యూనిట్ వదలొద్దని ముందు అతనికి గట్టిగా చెప్పండి. వదిలితే నడిచేది గైర్హాజరు కేసు. అక్కడ మనస్సాక్షి సంగతి ఎవరూ అడగరు.

యూనిట్‌లో ఉంటూనే తనను ‘కాన్షియెన్షియస్ అబ్జెక్టర్’గా, అంటే మనస్సాక్షి ఒప్పక యుద్ధాన్ని కాదనేవాడిగా, గుర్తించమని దరఖాస్తు పెట్టుకోవాలి. ఆర్మీలో దీనికి వర్తించే నిబంధనావళి ఏఆర్ 600-43. ఇందులో రెండు తరగతులు. 1-ఓ అంటే సైన్యంలో ఏ పనీ చేయలేను, డిశ్చార్జి ఇవ్వండి అని అడగడం. 1-ఏ-ఓ అంటే యూనిఫాంలో ఉంటాను, ఆయుధం ముట్టని పని ఇవ్వండి అనడం. అమెరికా సైనికుడు డెస్మండ్ డాస్ 1945లో జపాన్‌లోని ఒకినావాలో తుపాకీ లేకుండానే క్షతగాత్రులను కాపాడి, అక్కడి అత్యున్నత శౌర్యపతకం మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నది ఈ రెండో పద్ధతిలో ఉండే. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. 1-ఓ అడిగినవాళ్లకు మధ్యేమార్గంగా 1-ఏ-ఓ ఇవ్వరు.

దరఖాస్తుకు ప్రాణం అతను రాసే వాంగ్మూలం. తన నమ్మకం ఏమిటి, అది ఎప్పుడు, ఎలా కలిగింది, ఆ తర్వాత తన బతుకులో ఏం మారింది అన్నవి సొంత మాటల్లో, తేదీలతో, సంఘటనలతో రాయాలి. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా ఎత్తిరాస్తే మొదటి ఇంటర్వ్యూలోనే బయటపడుతుంది. ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది రెండుచోట్ల. మొదటిది, ‘ఈ యుద్ధం అన్యాయం’ అని రాయడం. వ్యతిరేకత ఏ రూపంలోని యుద్ధానికైనా ఉండాలి. వియత్నాం యుద్ధాన్ని మాత్రమే కాదన్నవాళ్లకు ఆ హోదా రాదని 1971లో గిలెట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. రెండోది, ‘నాకు చిన్నప్పటి నుంచీ ఇదే నమ్మకం’ అని రాయడం. చేరేనాటికే గట్టిపడిన నమ్మకమైతే అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగి తోసిపుచ్చుతారు. బీజం ఇంట్లో పడి ఉండొచ్చు, గట్టిపడింది మాత్రం చేరాకే అయివుండాలి. అబద్ధం రాయమని కాదు మేం చెప్పేది. నిజంగా మార్పు ఎప్పుడు వచ్చిందో కూర్చుని ఆలోచించి, దాన్ని దాచకుండా రాయమని.

తర్వాత చాప్లిన్, అంటే సైన్యంలోని మతగురువు, మాట్లాడతాడు. ఈ సంభాషణ గోప్యం కాదు, నివేదికలోకి ఎక్కుతుంది. మనసు విప్పి చెప్పుకునే ఏకాంతం అనుకుని వెళ్లకూడదు. మానసిక వైద్యుడు చూసేది జబ్బు ఉందా లేదా అన్నది మాత్రమే. ఆపై కెప్టెన్ స్థాయికి తగ్గని విచారణాధికారి విచారణ జరుపుతాడు. సాక్షులను తెచ్చుకోవచ్చు, సొంత ఖర్చుతో లాయరునూ పెట్టుకోవచ్చు. మార్పును దగ్గరుండి చూసిన తోటి సైనికుడి ఉత్తరం ఇక్కడ ఎంతో విలువైనది. నివేదిక ప్రతి అతనికీ ఇస్తారు. అందులో తప్పులుంటే గడువులోగా రాతపూర్వకంగా ఖండించాలి. ఆ అవకాశం జారవిడవొద్దు.

ఇదంతా తేలడానికి నెలలు పడుతుంది. ఆలోగా అతని నమ్మకానికి వీలైనంత తక్కువ అడ్డొచ్చే పనులు ఇవ్వాలన్నది నియమం. అలాగని ఆదేశాలు పాటించకపోతే శిక్ష తప్పదు. కాగితం పెట్టకముందే సైనికులకు వాళ్ల హక్కులపై సలహా ఇచ్చే జీఐ రైట్స్ హాట్‌లైన్ కౌన్సెలర్‌తో మాట్లాడమనండి. అది ఉచితం. ఒకవేళ అతను సైనిక సేవ ద్వారానే పౌరసత్వం పొందదలచి ఉంటే, డిశ్చార్జి ఏ రకంగా వస్తుందన్నది ఇమిగ్రేషన్ లాయరుకూ చూపించాలి.

ప్రశ్న: హిందువు అలా అడిగితే ‘మీ గీతలో కృష్ణుడు అర్జునుణ్ణి యుద్ధం చెయ్యమనే చెప్పాడు కదా’ అంటారేమో? – ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: అనొచ్చు. దానికి సిద్ధపడే వెళ్లాలి. కానీ చట్టం అడిగేది మతం ఏం చెబుతుందని కాదు, మీరు ఏం నమ్ముతున్నారని. 1965లో సీగర్, 1970లో వెల్ష్ కేసుల్లో అదే సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల తర్వాత దేవుణ్ణి నమ్మనివాళ్లకు కూడా, వాళ్ల నైతిక విశ్వాసం మతవిశ్వాసమంత బలంగా ఉంటే, దారి తెరుచుకుంది. గీతలోని యుద్ధాన్ని అంతరంగ పోరాటంగా చదువుకున్నవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. మీరూ అలాగే చదివితే, ఆ చదువు మీకు ఎలా అబ్బిందో చెప్పండి. అది నిజమైన జవాబు. ‘ఇంట్లో దొంగ పడితే చేతులు కట్టుకుంటావా’ అన్న ప్రశ్న కూడా తరచూ వస్తుంది. ఆత్మరక్షణ కోసం దొంగను అడ్డుకుంటానన్నంత మాత్రాన యుద్ధ వ్యతిరేకి కాకుండా పోరు. ఆ రెంటికీ తేడా ఏమిటో నిదానంగా చెప్పగలిగితే చాలు.

ప్రశ్న: గ్రీన్‌కార్డు ఉంది, పౌరసత్వానికి దరఖాస్తు చేస్తున్నాను. ప్రమాణంలో ‘ఆయుధం పడతాను’ అనే మాట పలకలేను. – డాలస్ నుంచి

జవాబు: పలకనక్కర్లేదు. పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారంలో వరుసగా మూడు ప్రశ్నలుంటాయి: ఆయుధం పడతారా, సైన్యంలో ఆయుధంలేని సేవ చేస్తారా, పౌర అధికారుల కింద దేశానికి ముఖ్యమైన పని చేస్తారా. మొదటి రెంటికీ కాదనొచ్చు. కారణం వివరంగా రాసి, ఇంటర్వ్యూలో చెప్పాలి. మూడోదానికి మినహాయింపు లేదు. 1929లో ష్విమర్ అనే శాంతివాదికి ఆయుధం పట్టనన్నందుకే పౌరసత్వం నిరాకరించారు. 1946లో జిరూవార్డ్ కేసుతో ఆ వైఖరి మారింది. మీ పిల్లవాడికి 18 నిండితే సెలెక్టివ్ సర్వీస్ జాబితాలో, అంటే అవసరమైతే సైన్యానికి పిలిచేందుకు ప్రభుత్వం ఉంచే జాబితాలో, పేరుందో లేదో కూడా చూసుకోండి. గ్రీన్‌కార్డు ఉన్న మగపిల్లలకు 18 నుంచి 25 ఏళ్ల వరకు అది తప్పనిసరి. అక్కడ అభ్యంతరం చెప్పే గడి ఉండదు. డ్రాఫ్ట్, అంటే నిర్బంధ సైనిక భర్తీ, మళ్లీ మొదలై పిలుపొస్తేనే చెప్పుకోవాలి.

ప్రశ్న: మన సైన్యంలో ఈ హోదా ఉందా? – కరీంనగర్ చదువరి

జవాబు: లేదు. మనకు నిర్బంధ సైనిక సేవ లేదు, చేరేది స్వచ్ఛందంగానే. 1950 ఆర్మీ చట్టంలో మనస్సాక్షి అభ్యంతరానికి సెక్షన్ అంటూ లేదు. సెక్షన్ 41 కింద చట్టబద్ధమైన ఆదేశాన్ని ధిక్కరిస్తే 14 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. జవానుకు మిగిలేది 1954 ఆర్మీ రూల్స్‌లోని 13వ నియమం కింద సొంత కోరికపై డిశ్చార్జి అడగడం. ఇవ్వాలా వద్దా అన్నది అధికారుల ఇష్టం. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధులపై కాల్చనన్న బ్రిటిష్ ఇండియా సైనికుడు చంద్రసింగ్ గఢ్వాలీని చాలామంది ఉదహరిస్తారు. ఆయన కాదన్నది యుద్ధాన్ని కాదు, నిరాయుధులను చంపడాన్ని. అందుకు యావజ్జీవ శిక్ష పడి, 1941 దాకా జైల్లోనే ఉన్నారు.